రేపు రా అని రాసిన తలుపు

పాపం చేసిన మనిషి దేవుడితో "కాదు" అనడం అరుదు. "రేపు" అనడమే ఎక్కువ. క్రైస్తవ జీవితంలో పశ్చాత్తాపానికి పెద్ద అడ్డంకి ఈ రెండక్షరాల మాటే. కాదనడానికి కొంత ధైర్యం కావాలి. రేపు అనడానికి ఏమీ అక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పెళ్లిసంబంధం నచ్చకపోతే మొహం మీదే నచ్చలేదని ఎవరూ అనరు. "చూద్దాం లెండి" అంటారు. చేబదులు ఇవ్వడం ఇష్టం లేకపోతే "వచ్చే నెలలో ఓసారి కనపడండి" అంటారు. అడిగినవాడికి అర్థమైపోతుంది. అది మర్యాదగా చెప్పిన "కాదు". దేవుడితో అనే "రేపు" కూడా అలాంటిదే. రేపు అన్న మాట కూడా ఒక జవాబే. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. రేపు అన్న మాట కూడా ఒక జవాబే.

ముందుగా, వాయిదా పడేది ఏమిటో చూడాలి. పశ్చాత్తాపం అనే మాటలో రెండు ముక్కలున్నాయి. పశ్చాత్ అంటే తర్వాత. తాపం అంటే మంట. తప్పు చేసిన తర్వాత లోపల రగిలే మంట. దీనికి తోడుగా తెలుగు బైబిల్లో మరో మాట ఉంది. అది మారుమనస్సు. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో దీనికి "షూవ్" అనే మాట వాడారు. షూవ్ అంటే వెనక్కి తిరగడం. దారి తప్పానని తెలిసిన బాటసారి, ఏడుస్తూ అదే దారిన ముందుకు నడిస్తే ఊరు రాదు. అతను ఆగాలి. వెనక్కి తిరగాలి. ఏడుపు తాపం. తిరగడం మారుమనస్సు.

యేసు శిష్యుల్లో ఇద్దరు ఒకే రాత్రి పడిపోయారు. యూదా 30 వెండి నాణేలకు గురువును అప్పగించాడు. తర్వాత అతనికి తాపం కలిగింది. నాణేలు ఆలయంలో పారేశాడు. కానీ యేసు దగ్గరికి తిరిగి రాలేదు. వెళ్లి ఉరి వేసుకున్నాడు. పేతురు ఆ మనిషిని ఎరగనని మూడుసార్లు అన్నాడు. కోడి కూసింది. బయటికి వెళ్లి కుమిలి కుమిలి ఏడ్చాడు. కానీ తిరిగి వచ్చాడు. తాపం ఇద్దరికీ ఉంది. మలుపు ఒక్కడికే ఉంది.

వాయిదా పడేది ఈ మలుపే. బాధ మాత్రం వాయిదా పడదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆదివారం ప్రసంగం వింటున్నప్పుడు కళ్లు చెమరుస్తాయి. ఇంత బాధపడుతున్నాను కదా అని మనసు సర్దుకుంటుంది. ఆ బాధనే పశ్చాత్తాపం అనుకుంటుంది. సోమవారం అదే దారి, అదే నడక.

వాయిదా ఎంత విచిత్రమైనదో నిర్గమకాండం ఎనిమిదో అధ్యాయం చూపిస్తుంది. ఐగుప్తు రాజు ఫరో ఇశ్రాయేలు ప్రజల్ని వదలనన్నాడు. దేశం నిండా కప్పలు వచ్చాయి. పడకల మీద కప్పలు. పొయ్యిల్లో కప్పలు. పిండి కలిపే తొట్లలో కప్పలు. రాజు తట్టుకోలేక మోషేను పిలిపించాడు. మీ దేవుడితో చెప్పి వీటిని తొలగించమన్నాడు. మోషే ఒక్క ప్రశ్న అడిగాడు. ఎప్పుడు తొలగించాలో రాజే చెప్పాలన్నాడు.

ఎవరైనా ఏమంటారు? ఇప్పుడే అంటారు. ఈ క్షణమే అంటారు. ఫరో మాత్రం రేపు అన్నాడు. ఇంకో రాత్రి కప్పల మధ్య పడుకోవడానికి సిద్ధపడ్డాడు. ఎందుకలా అన్నాడో బైబిలు చెప్పదు. మర్నాడు కప్పలు చచ్చాయి. జనం కుప్పలు కుప్పలుగా పోశారు. దేశమంతా కంపు కొట్టింది. కాస్త ఊపిరి ఆడగానే రాజు మనసు మళ్లీ రాయిలా మారింది. కష్టంలో రేపు అన్నవాడు, కష్టం తీరాక అసలే వద్దన్నాడు.

ఈ కథ చదివి ఫరోను చూసి నవ్వుకోవడం తేలిక. కానీ తాగుడు మానాలనుకున్నవాడు పండగ వెళ్లనీ అంటాడు. లంచం మానాలనుకున్నవాడు పిల్ల పెళ్లి అయిపోనీ అంటాడు. అన్నదమ్ముడితో మాటలు లేనివాడు డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లి, కొత్త సంవత్సరం నుంచి సరిచేసుకుంటానంటాడు. జనవరి వస్తుంది. సంక్రాంతి వస్తుంది. ఈస్టరు వస్తుంది. కప్పలు అక్కడే ఉంటాయి. మళ్లీ డిసెంబరు వస్తుంది.

తెలుగు పల్లెల్లో ఒకప్పుడు ఇళ్ల తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రాత్రివేళ దెయ్యం వచ్చి తలుపు తడుతుందని భయం. వచ్చిన దెయ్యం ఆ రాత చదువుతుందట. రేపు రమ్మన్నారు కదా అని వెళ్లిపోతుందట. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ రాత రోజూ రాయనక్కర్లేదు. ఒక్కసారి రాస్తే చాలు. ప్రతి రోజూ అదే పని చేస్తుంది.

దెయ్యాన్ని తిప్పి పంపడానికి పుట్టిన ఉపాయం అది. పశ్చాత్తాపాన్ని వాయిదా వేసే విశ్వాసి అదే ఉపాయాన్ని తన రక్షకుడి మీద వాడుతున్నాడు. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో యేసు ఒక తలుపు దగ్గర నిలబడి తడుతూ కనిపిస్తాడు. ఆ మాట క్రీస్తును ఎరగనివాళ్లకు రాసింది కాదు. లవొదికయ అనే ఊళ్లోని సంఘానికి రాసింది. పాటలు పాడే సంఘం. కానుకలు వేసే సంఘం. ప్రభువు మాత్రం బయట ఉన్నాడు. కాబట్టి ఈ హెచ్చరిక ముందుగా గుడి లోపల కూర్చున్నవాళ్లకే.

ఫరోది ఒక రకం వాయిదా. ఇక రెండో రకం. ఇది చదువుకున్నవాళ్లది, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లది. దీనికి ఉదాహరణ ఫేలిక్సు. అతను యూదయ దేశానికి రోమా అధిపతి. భార్య పేరు ద్రుసిల్ల. ఆమె మొదటి భర్త ఎమెసా అనే చిన్న రాజ్యానికి రాజు. అతన్ని వదిలి ఆమె ఫేలిక్సును చేసుకుందని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. కైసరయ పట్నంలో ఈ దంపతులు ఖైదీగా ఉన్న పౌలును పిలిపించి మాట్లాడమన్నారు. ఆయన మూడు సంగతులు చెప్పాడు. నీతి గురించి. ఇంద్రియ నిగ్రహం గురించి. రాబోయే తీర్పు గురించి. వింటున్నవాళ్లు ఎవరో తెలిసే ఆయన ఆ మూడూ ఎంచుకుని ఉండాలి.

ఫేలిక్సు వణికిపోయాడు. సంకెళ్లలో ఉన్నవాడు మాట్లాడుతుంటే, సింహాసనం మీద ఉన్నవాడు భయపడ్డాడు. ఆ క్షణంలో అతను మారడానికి ఎంత దూరం ఉంది? ఒక్క మాట దూరం. అతను పౌలును తిట్టలేదు. కొట్టించలేదు. ఇప్పటికి వెళ్లు, తీరిక చూసుకుని మళ్లీ పిలుస్తానన్నాడు.

ఆ తీరిక దొరికింది కూడా. అపొస్తలుల కార్యాలు 24వ అధ్యాయం ఈ సంగతి దాచలేదు. అతను పౌలును మాటిమాటికీ పిలిపించాడు. రెండేళ్లు మాట్లాడాడు. కానీ మళ్లీ వణికినట్టు ఎక్కడా లేదు. పౌలు చేతి నుంచి ఏమైనా డబ్బు ముడుతుందేమోనని చూశాడు. మొదటిరోజు తీర్పు గురించి భయం. తర్వాత రోజుల్లో లంచం మీద ఆశ. మనిషి అతనే. బోధకుడు ఆయనే. తగ్గిపోయింది వణుకు. రెండేళ్లకు పదవి పోయింది. అతని చోటికి ఫేస్తు వచ్చాడు. ఫేలిక్సు పౌలును బంధకాల్లోనే వదిలి వెళ్లాడు. తీరిక వచ్చింది, మనసు రాలేదు.

ఆలస్యంలో ఉన్న మొదటి ప్రమాదం ఇదే. మనసు మొద్దుబారిపోతుంది. గడ్డపార పట్టడం అలవాటు లేనివాడు మొదటిరోజు తవ్వితే చేతులు బొబ్బలెక్కుతాయి. రాత్రి అన్నం కలుపుకోవడం కూడా కష్టం. నెల తిరిగేసరికి అదే చేతులు కాయలు కాస్తాయి. ఇక నొప్పి తెలియదు. పనిచేసే చేతికి అది మేలు. మనస్సాక్షికి అది చేటు. మొదటి అబద్ధానికి నిద్ర పట్టదు. పదో అబద్ధానికి పడుతుంది. పడుతోంది కాబట్టి దేవుడు క్షమించాడనుకుంటాడు మనిషి. నిజానికి మనసు కాయ కాసింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని పెద్దలు ఊరికే అనలేదు. దేవుడి దయ తరిగిపోతుందని కాదు ఇక్కడి భయం. ఆ దయను అడగాలన్న కోరిక తరిగిపోతుందని.

రెండో ప్రమాదం. దాచిన పాపం ఒంటరిగా ఉండదు. తోడు వెతుక్కుంటుంది. దావీదు రాజు కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అతను ఊరియా భార్య బత్షెబతో పాపం చేశాడు. ఆమె గర్భవతి అయిందని కబురు వచ్చింది. ఆ రోజే ఒప్పుకుని ఉంటే కథ అక్కడ ఆగేది. దావీదు కప్పిపుచ్చాలనుకున్నాడు. యుద్ధంలో ఉన్న ఊరియాను పిలిపించి ఇంటికి పంపబోయాడు. అతను వెళ్లలేదు. తాగించి చూశాడు. అయినా వెళ్లలేదు. చివరికి ఒక ఉత్తరం రాశాడు. ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టి వదిలేయమని సేనాపతికి రాసిన ఉత్తరం అది. దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తన చావు కబురు తానే మోసుకెళ్లాడు ఆ సైనికుడు. అతనితోపాటు మరికొందరూ చచ్చిపోయారు.

ఒక పాపాన్ని ఒప్పుకోవడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం హత్య దాకా తీసుకెళ్లింది. నాతాను ప్రవక్త వచ్చి గద్దించేసరికి బిడ్డ పుట్టేశాడు. అన్ని నెలలూ దావీదు పైకి రాజుగానే ఉన్నాడు. లోపల మాత్రం ఎముకలు అరిగిపోతున్నట్టు, వేసవిలో తడి ఇంకిపోయినట్టు ఉండేదని 32వ కీర్తన చెబుతుంది. ఒప్పుకోవడానికి చివరికి ఎంతసేపు పట్టింది? ఒక్క వాక్యం. పాపం చేశానన్నాడు. క్షమాపణ ఆ వెంటనే వచ్చింది. ఊరియా మాత్రం తిరిగి రాలేదు.

మూడో ప్రమాదం ఇక్కడే ఉంది. పశ్చాత్తాపం ఎప్పుడూ మనిషికీ దేవుడికీ మధ్య మాత్రమే ఉండదు. చాలాసార్లు మధ్యలో ఇంకో మనిషి ఉంటాడు. గట్టు జరిపి కలుపుకున్న పొలం ఒక అన్నది. తీసుకుని ఎగ్గొట్టిన సొమ్ము ఒక విధవరాలిది. ఆడిన అపనింద ఒక ఆడపిల్ల మీద. దేవుడు శాశ్వతుడు. రేపు కూడా ఉంటాడు. ఆ అన్న ఉంటాడా? ఆ విధవరాలు ఉంటుందా? సమాధి దగ్గర నిలబడి క్షమించమంటే, వినే చెవులు అక్కడ ఉండవు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనేది ఇందుకే.

ఇక సాకుల సంగతి. అన్నిటికన్నా పాతది, చివరి గడియలో చూసుకోవచ్చులే అనేది. నాలుగో శతాబ్దంలో ఇదొక ఆచారంలా ఉండేది. బాప్తిస్మంతో అప్పటిదాకా చేసిన పాపాలన్నీ పోతాయి కదా, ఎంత ఆలస్యంగా తీసుకుంటే అంత లాభం అని కొందరు లెక్క వేసుకునేవారు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటీన్ కూడా 337లో, మరణానికి కొద్ది రోజుల ముందే బాప్తిస్మం పొందాడు. ఆ శతాబ్దంలోనే బసీలు, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగరీ ఈ వాయిదాకు వ్యతిరేకంగా గట్టిగా ప్రసంగించారు. దేవుడితో బేరం ఆడే మనసు పశ్చాత్తాపపడిన మనసు కాదన్నదే అందులోని ముఖ్యమైన చిక్కు.

సిలువ మీద దొంగ చివరి గడియలో మారలేదా అని అడుగుతారు. మారాడు. ఆ క్షమాపణ నిజం. కానీ యేసుకు అటూ ఇటూ సిలువ వేసిన దొంగలు ఇద్దరు. ఇద్దరికీ అదే శిక్ష. అదే రోజు. మధ్యలో ఉన్న యేసు ఇద్దరికీ అంతే దగ్గర. ఒకడు వేడుకున్నాడు. ఇంకొకడు చావు ముంగిట కూడా ఎగతాళి చేశాడు. చివరి గడియ మనసును దానంతట అదే మార్చదు. అప్పటిదాకా రాయిలా ఉన్న మనసు ఆ గడియలోనూ రాయిలాగే ఉండవచ్చు. పైగా చివరి గడియ ఇదేనని చెప్పి వచ్చే చావులు ఎన్ని?

ఆలస్యంగానైనా మారినవాళ్లు ఏమన్నారో వినాలి. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టిన అగస్టీన్ తన "ఒప్పుకోళ్లు" గ్రంథంలో దాపరికం లేకుండా రాశాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు పవిత్రత కోసం ప్రార్థించాడట. కానీ అది అప్పుడే రాకూడదని కూడా కోరుకున్నాడట. తల్లి మోనికా ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించింది. కొడుకు ఇంకాస్త, ఇంకొంచెం అంటూ గడిపాడు. 386లో మిలాన్ నగరంలో ఒక తోటలో, ఈ రేపు ఎన్నాళ్లని తనను తానే నిలదీసుకుని ఏడ్చాడు. ఆరోజు తిరిగాడు. మరుసటి ఏడు ఈస్టరుకు అంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. సంఘ చరిత్రలో మహా బోధకుల్లో ఒకడయ్యాడు. అయినా దేవుణ్ని ఇంత ఆలస్యంగా ప్రేమించానే అన్న బాధ ఆయన్ను వదల్లేదు. ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ తగ్గలేదు. పోయిన ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు.

వాయిదా వేసేది వినేవాళ్లే కాదు. ఒక్కోసారి చెప్పేవాళ్లూ వేస్తారు. 1871 అక్టోబరు 8, ఆదివారం రాత్రి. అమెరికాలోని షికాగో నగరం. డి.ఎల్. మూడీ అనే సువార్తికుడు ఒక పెద్ద సభలో ప్రసంగించాడు. యేసును ఏం చేసుకుంటారన్న ప్రశ్న జనం ముందు పెట్టాడు. ఇంటికి వెళ్లి వారం రోజులు ఆలోచించుకోండి, వచ్చే ఆదివారం తేల్చుకుందాం అన్నాడు. ఆ రాత్రే నగరం అంటుకుంది. మంటలు రెండు రోజులు ఆగలేదు. సుమారు 300 మంది చనిపోయారు. లక్షమంది నిలువనీడ లేనివాళ్లయ్యారు. సభ జరిగిన హాలు కూడా కాలిపోయింది. వచ్చే ఆదివారం ఆ సభ మళ్లీ కూడలేదు. ఆ వారం గడువు ఇవ్వడం తన జీవితంలో పెద్ద తప్పని మూడీ తర్వాత చెప్పుకున్నాడు. 1899లో కన్నుమూసేదాకా ఆ రాత్రిని మరవలేదు.

మరి వాయిదా వేసేవాడి విషయంలో దేవుడు ఇంతకాలం ఎందుకు ఊరుకున్నాడు? లూకా సువార్త 13వ అధ్యాయంలో ఒక ఉపమానం ఉంది. తోటలో ఒక అంజూరపు చెట్టు. మూడేళ్లుగా కాయలేదు. యజమాని నరికేయమన్నాడు. తోటమాలి అడ్డుపడ్డాడు. ఈ ఒక్క ఏడు ఆగమన్నాడు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను, అప్పటికీ కాయకపోతే సరేనన్నాడు. ఆ ఏడాది గడువు చెట్టుకు సెలవు కాదు. కాయడానికి ఇచ్చిన అవకాశం. మధ్యలో తవ్వుడు ఉంది. ఎరువు ఉంది. దేవుడి ఓర్పును చూసి పాపానికి అనుమతి దొరికిందనుకున్నవాడు, గడువును సెలవుగా పొరబడ్డ చెట్టులాంటివాడు. ఆ చెట్టు చివరికి కాసిందో లేదో యేసు చెప్పలేదు. కథ అక్కడ ఆపేశాడు.

వెంటనే తిరిగినవాడు ఎలా ఉంటాడు? జక్కయ్యలా ఉంటాడు. యెరికో ఊళ్లో సుంకం వసూలు చేసేవాళ్లకు పెద్ద. డబ్బున్నవాడు. పొట్టివాడు. యేసును చూడాలని మేడిచెట్టెక్కాడు. యేసు పైకి చూసి, త్వరగా దిగమన్నాడు, ఇవాళే మీ ఇంట్లో ఉండాలన్నాడు. జక్కయ్య త్వరగా దిగాడు. ఇల్లు సర్ది ఉందో లేదో చూసుకోలేదు. ఆస్తిలో సగం బీదలకన్నాడు. అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఈ రోజే ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. ఫేలిక్సు తీరిక కోసం చూశాడు. జక్కయ్య చెట్టు దిగాడు. తేడా అంతే.

ఈ రోజు చేయవలసినవి కొద్దే. పాపాన్ని దాని అసలు పేరుతో పిలవాలి. పొరపాటు, అలవాటు, పరిస్థితి అని ముద్దుపేర్లు పెట్టకూడదు. దాన్ని దేవుడి ముందు ఒప్పుకోవాలి. ఎవరి సొమ్ము ఉంటే వాళ్లకు ఇవ్వాలి. ఎవరి మనసు విరిచి ఉంటే వాళ్ల గడప తొక్కాలి. ఏ దారి పాపంలోకి తీసుకెళ్తోందో ఆ దారిన రేపు నడవకూడదు. రేపు అన్న మాటకు తగిన చోటు అదొక్కటే.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. క్షమాపణ అమృతమే. దాన్ని రేపటికి దాచుకుంటే తాగేవాడు మిగలకపోవచ్చు. తాగాలన్న దాహం మిగలకపోవచ్చు. రేపు అన్న మాట కూడా ఒక జవాబే. ఇవాళ అన్నదీ ఒక జవాబే. ఈ మాటలు వింటుండగా శ్రోతల్లో ఎవరికైనా ఒక మనిషి ముఖం గుర్తొచ్చి ఉంటే, ఒక పాత లెక్క మనసులో మెదిలి ఉంటే, రాత్రి భోజనానికి కూర్చోకముందే ఆ మనిషికి ఒక్క ఫోను చేయండి.